బేత్లెహేము, నెబో, కర్మెలు ఉన్న దేశములో



ఈ నెల మిమ్మును వేల్స్ అను చిన్న దేశమునకు తీసికొనిపోవుచున్నాము. ఇంగ్లండుకు పడమటి ప్రక్కన కొండలు, లోయలు, గొఱ్ఱెల మందలు గల దేశమిది. ఆ దేశపు పటము తెరచి చూచినవారికి ఒక వింత కనబడును. అక్కడ బేత్లెహేము అను పల్లె ఉన్నది. నెబో, కర్మెలు, నజరేతు అను పల్లెలు ఉన్నవి. బేతెస్ద అను ఊరు ఉన్నది. ఇవి యూదయ దేశము నుండి నడచి వచ్చిన ఊళ్ళు కావు. మొదట అక్కడ ఒక ప్రార్థనా మందిరము కట్టి దానికి బైబిలులోని పేరు పెట్టిరి. తరువాత మందిరము చుట్టు ఇండ్లు లేచినవి. మందిరము పేరే ఊరి పేరైపోయినది.

ఎంత భక్తిగల దేశమో అని మీరనుకొందురు. నిజమే. అయితే ఆ దేశస్థులు తమను గూర్చి తామే చెప్పుకొని నవ్వుకొను కథ ఒకటి ఉన్నది. ఒక వేల్స్ దేశస్థుడు ఓడ పగిలి, మనుష్యులు లేని దీవిలో చిక్కుకొన్నాడట. ఏండ్ల తరువాత ఒక ఓడ వచ్చి చూడగా అతడు ఒంటరిగా ఉండి రెండు మందిరములు కట్టియున్నాడు. "ఒక్కడివే కదా, రెండెందుకయ్యా?" అని అడిగితే, "ఇది నేను వెళ్ళే మందిరము. అది నేను ఎన్నటికి గడప తొక్కని మందిరము" అన్నాడట.

మనమును నవ్వుదుము. నవ్విన తరువాత ఒక్క నిమిషము ఆగి మన పల్లె వైపు చూతము. ఒకే వీధిలో రెండు మందిరములు, రెండు మైకులు. క్రిస్మస్ రాత్రి ఈ మైకులో పాట ఆ మైకులో ప్రసంగమును మింగివేయును. మీరు ఏ మిషను వారు అని అడిగిన తరువాతనే పెండ్లి మాటలు. కాబట్టి ఈ కథ మనకును చెందినదే. ఆ దేశపు సంఘములు ఈ కథలోనుండి బయటికి వచ్చుటకు ఏమి చేసినవో తెలిసికొనుట మనకు మేలని తలంచి ఈ నెల వ్రాయుచున్నాము.

ఆవులను తోలుకొనిపోయిన దినములు

వేల్స్‌లో శాఖల మధ్య ఉన్న ఎడబాటు కేవలము పాటల పుస్తకముల తేడా కాదు. అది కడుపు మండిన ఎడబాటు.

18వ శతాబ్దములో హోవెల్ హారిస్, డేనియల్ రోలాండ్ మొదలైన వారి ద్వారా ఆ దేశములో గొప్ప ఉజ్జీవము కలిగినది. వారు ఆంగ్లికన్ సంఘములోనివారే. అయినను ఆ ఉజ్జీవములో పుట్టిన మెథడిస్టులు 1811లో తమ బోధకులను తామే అభిషేకించుకొని వేరైపోయిరి. వారే నేటి వేల్స్ ప్రెస్బిటేరియన్ సంఘమువారు. బాప్టిస్టులు, ఇండిపెండెంట్లు అంతకు ముందే వేరుగా ఉండిరి. వెస్లీ మెథడిస్టులు మరియొక వైపు వృద్ధి పొందిరి. 1851 మార్చి 30న, ఒక ఆదివారమున, ప్రభుత్వమువారు ఆరాధనకు వెళ్ళినవారిని లెక్కించిరి. వేల్స్‌లో ఐదుగురిలో సుమారు నలుగురు ఆంగ్లికన్ సంఘమునకు బయటనున్న మందిరములకే వెళ్ళినట్లు తేలినది.

అయినను చట్టము ప్రకారము ఆంగ్లికన్ సంఘమే దేశపు సంఘము. రైతు ఏ మందిరమునకు వెళ్ళినను, దశమభాగపు పన్ను మాత్రము ఆ సంఘమునకే చెల్లింపవలెను. 1880లలో పంటల ధరలు పడిపోయినప్పుడు అనేకమంది రైతులు చెల్లింపము అనిరి. అప్పుడు వారి పశువులను జప్తు చేసి వేలము వేసిరి. పోలీసులు వచ్చిరి, సైనికులను కూడ పంపిరి. కొట్లాటలు జరిగినవి. పాడి ఆవు గుమ్మము దాటి పోవుచుండగా చూచిన కుటుంబము, ఆ ఆవు ఎవరి సంఘము పేరట పోయినదో మరచిపోవునా? వ్యవసాయము చేయు మన పాఠకులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

1891లో ఆ పన్ను చెల్లించు బాధ్యతను కౌలు రైతు మీదినుండి భూస్వామి మీదికి మార్చిరి. 1914లో చేసిన చట్టము, యుద్ధము వలన ఆలస్యమై, 1920లో అమలులోనికి వచ్చినది. ఆ దినమునుండి వేల్స్‌లో ఆంగ్లికన్ సంఘము కూడ తక్కిన సంఘముల వలె ఒక సంఘమైనది. చట్టములోని ఎత్తు పల్లములు సమమైనవి. హృదయములలోనివి సమమగుటకు ఇంకను కాలము పట్టినది.

ఒక అమ్మాయి నడక

ఇంత ఎడబాటులోను, అందరి చేతులు కలిపిన పని ఒకటి ఉన్నది. దాని ఆరంభము మీ పిల్లలకు సండే స్కూలులో తెలిసిన కథయే.

1800లో మేరీ జోన్స్ అను పేద నేతపనివాని కుమార్తె, సుమారు పదిహేనేండ్లది, ఏండ్ల తరబడి పైసా పైసా కూడబెట్టి, ఒక బైబిలు కొనుటకు 25 మైళ్ళు నడిచి బాలా అను ఊరికి వెళ్ళినది. అక్కడ థామస్ చార్లెస్ అను దైవజనుడు ఉండెను. ఆ దినములలో వేల్స్ భాషలో బైబిళ్ళు దొరకుట బహు కష్టము. చదువు నేర్చినవారు పెరిగిరి, గ్రంథము లేదు.

1802 డిసెంబరులో చార్లెస్ గారు లండనులో కొందరు సహోదరులతో ఈ కొరతను చెప్పెను. అక్కడ జోసెఫ్ హ్యూస్ అను బాప్టిస్టు బోధకుడు ఉండెను. వేల్స్ కొరకు బైబిళ్ళు అచ్చు వేయగలిగితే, లోకమంతటి కొరకు ఎందుకు వేయరాదని ఆయన అడిగెను. ఆ ప్రశ్నలోనుండి 1804 మార్చి 7న బైబిలు సొసైటీ పుట్టినది.

దానిని వారు ఎట్లు కట్టిరో గమనించుడి. కార్యవర్గములో 36 మంది. వారిలో 15 మంది ఆంగ్లికన్లు, 15 మంది ఇతర శాఖలవారు, ఆరుగురు లండనులో నివసించు విదేశీయులు. కార్యదర్శులు ముగ్గురు: ఒకరు బాప్టిస్టు, ఒకరు ఆంగ్లికన్, ఒకరు లూథరన్. బైబిలును ఏ శాఖ వ్యాఖ్యానము చేర్చక అచ్చు వేయవలెనని నియమము పెట్టుకొనిరి. బాప్తిస్మము ఎప్పుడు ఇయ్యవలెనను వాదము ముగిసిన తరువాత బైబిళ్ళు అచ్చు వేయుదమని వారు అనుకొనియుంటే, ఆ వాదము నేటికిని ముగియలేదు గనుక, బైబిలు నేటికిని వచ్చియుండేది కాదు!

మీ ఇంటిలో ఉన్న తెలుగు బైబిలు మొదటి పుట తెరచి చూడుడి. అనేకుల బైబిళ్ళ మీద బైబిలు సొసైటీ పేరు ఉండును. అందులో లూథరన్ బైబిలు, బాప్టిస్టు బైబిలు అను తేడా లేదు. ఆ సొసైటీ పుట్టుటకు వెనుక వేల్స్ పల్లెల ఆకలి ఉన్నదని జ్ఞాపకముంచుకొనుడి.

బల్లలు ఖాళీ అయిన తరువాత

1904 అక్టోబరు 31న లఖర్ అను ఊరిలో, మోరీయా మందిరములో, ఇవాన్ రాబర్ట్స్ అను యువకుడు కొద్దిమంది యువజనులతో ప్రార్థనకు కూర్చుండెను. ఆయన అంతకుముందు బొగ్గుగనిలో పనిచేసినవాడు. అక్కడ రాజుకొన్న ఉజ్జీవము శాఖల గోడలను లెక్కచేయలేదు. ఈ మందిరము వారు ఆ మందిరమునకు పోయిరి, కలిసి ప్రార్థించిరి, కలిసి ఏడ్చిరి. ఆ వార్త మన దేశమునకు కూడ వచ్చినది. వేల్స్ మిషనరీలు పనిచేయుచున్న ఖాసీ కొండలలో 1905లో ఉజ్జీవము కలిగినది.

అయితే ఉజ్జీవపు వేడి చల్లారిన తరువాత ఎవరి మందిరమునకు వారు తిరిగి వెళ్ళిరి. ఒక చిన్న ఊరిలో మూడు నాలుగు మందిరములు. ఒకరు మేడ కట్టితే మరియొకరు అంతకంటె పెద్ద మేడ కట్టిరి. తరువాత యుద్ధములు వచ్చినవి, బొగ్గుగనులు మూతబడినవి, యువకులు పని కొరకు వలస పోయిరి, ఆదివారపు అలవాటు తగ్గిపోయినది. ఐదు వందలమంది కూర్చుండు మందిరములో పదిమంది వృద్ధులు. ప్రక్క వీధిలోని మందిరములో మరి పదిమంది. రెండింటికిని పైకప్పు కారుచున్నది. ఆ దేశములో వందల మందిరములు మూయబడినవి. కొన్ని ఇండ్లుగా, కొన్ని దుకాణములుగా మారిపోయినవి.

సంఘములు ఒకరితో ఒకరు కూర్చుండి మాటలాడుట ఈ కాలములోనే ముమ్మరమైనది. 1956లో వేల్స్ సంఘముల సమాఖ్య ఏర్పడినది. 1975లో ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, మెథడిస్టు, యునైటెడ్ రిఫార్మ్‌డ్ సంఘములును, కొన్ని బాప్టిస్టు సంఘములును ఒక నిబంధన చేసికొనినవి. మీ విశ్వాసమును మా విశ్వాసముగా, మీ సభ్యులను క్రీస్తు సభ్యులుగా, మీ బోధకుల సేవను నిజమైన సేవగా గుర్తించుచున్నామని ఒకరితో ఒకరు చెప్పుకొనిరి. ఐక్యత ఏ రూపములో వచ్చునో ఇంకను తమకు తెలియదని కూడ దాపరికము లేక ఒప్పుకొనిరి. ఆ నిబంధన పనిని నడిపించిన సంఘమునకు ఎన్‌విస్ అని పేరు పెట్టుకొనిరి. వారి భాషలో ఎన్‌విస్ అనగా ఇంద్రధనుస్సు. నోవహు కాలపు నిబంధన గురుతు అది. వేరు వేరు రంగులు, ఒకే విల్లు.

1990లో కటీన్ అను మరింత విశాలమైన సహవాసము ఏర్పడినది. కటీన్ అనగా ఏకమనస్సు, ఒప్పుదల. అందులో నిబంధన సంఘములతో పాటు, నిబంధనలో చేరని ఇండిపెండెంట్లు, సాల్వేషన్ ఆర్మీ, క్వేకర్లు, రోమన్ కథోలికులు కూడ ఉన్నారు. ప్రతివాడు తన సిద్ధాంతమును విడిచిపెట్టి వచ్చినాడని దీని అర్థము కాదు. కలిసి చేయగలిగిన దానిని వేరుగా చేయనక్కరలేదని ఒప్పుకొనుటయే.

వారు కలిసి చేసిన పనులలో రెండింటిని చెప్పెదము. 1588లో బిషప్ విలియం మోర్గన్ గారు అనువదించిన వేల్స్ బైబిలు ఆ భాషకే ప్రాణము పోసినదందురు. ఆయన అప్పుడు ఒక పల్లె గురువు. ఆ గ్రంథమునకు 400 ఏండ్లు నిండిన 1988లో క్రొత్త వేల్స్ బైబిలు వెలువడినది. వేరు వేరు శాఖల పండితులు ఒకే బల్ల యొద్ద కూర్చుండి, ఇరువది సంవత్సరములకు పైగా శ్రమించి దానిని సిద్ధపరచిరి. తరువాత 2001లో ఐదు శాఖలవారు కలిసి ఒకే వేల్స్ కీర్తనల పుస్తకము తెచ్చిరి. తాతల నాటి నుండి ఎవరి పుస్తకము వారిదే. ఇప్పుడు ఒక పుస్తకము ఐదు శాఖల చేతులలో ఉన్నది. పాటల విషయములో ఎంత పట్టుదలలుండునో మన సంఘములలో క్వయరు నడిపినవారికి తెలియును గదా!

కొండమీది పేట

దక్షిణ వేల్స్‌లో రోండా అను జంట లోయలు ఉన్నవి. ఒకప్పుడు లోకమంతటికి బొగ్గు పంపిన లోయలవి. ఆ రెండు లోయల నడుమనున్న కొండమీద పెన్‌రీస్ అను చోటు ఉన్నది. పూర్వము అక్కడ మరియమ్మ పేర ఒక పుణ్యస్థలముండెను. 1538లో దానిని పాడుచేసి, అక్కడి ప్రతిమను లండనుకు తీసికొనిపోయి కాల్చివేసిరి. 

1960లలో ప్రభుత్వమువారు ఆ కొండమీద సుమారు 950 ఇండ్లు కట్టి కుటుంబములను కాపురముంచిరి. చుట్టుప్రక్కల గనులు ఒక్కొక్కటే మూతబడినవి. రోండాలో చివరి గని 1990లో మూతబడినది. పని లేదు. బస్సు చార్జీలకు డబ్బు లేదు. ఆ పేట పేరు చెప్పితే పని ఇచ్చువారు ముఖము త్రిప్పుకొనుట మొదలైనది. ఇంతమంది ఉన్న చోట ఏ శాఖయు ఒంటరిగా ఒక మందిరము నిలుపజాలదు. కాబట్టి శాఖలన్నియు కలిసి అక్కడ ఒకే సంఘమును నిలిపినవి.

జాన్ మోర్గన్స్ అను సేవకుడు యునైటెడ్ రిఫార్మ్‌డ్ సంఘమునకు వేల్స్ అంతటిలో అధ్యక్ష బాధ్యత వహించినవాడు. ఆయన 1986లో ఆ పదవిని విడిచి, భార్యతో కూడ ఆ పేటలోనే కాపురమునకు వెళ్ళెను. కారులో వచ్చి ప్రసంగించి పోవు కాపరిగా కాదు, పొరుగువానిగా. 1992లో అక్కడి ఫ్లాట్లలో ఒక భవనమును బాగుచేసి లాన్‌వైర్ అను కేంద్రమును తెరచిరి. లాన్‌వైర్ అనగా మరియ సంఘము. పాడైపోయిన పూర్వపు జ్ఞాపకమును ఆ పేరుతో మరల నిలబెట్టిరి.

అందులో ప్రార్థనా స్థలమున్నది. దానితోపాటు ఏమి పెట్టిరో చూడుడి: బట్టలు ఉదుకు యంత్రములు, టీ కాఫీ దొరకు గది, తక్కువ ధరకు వాడిన బట్టలు అమ్ము కొట్టు, బడి పిల్లలు సాయంకాలము పాఠములు చదువుకొను చోటు. ఇతర దేశముల యువజనులు సహితము వచ్చి అక్కడ సేవ చేసిరి. బట్టలు ఉదుకుకొనుటకు వచ్చిన తల్లిని, అమ్మా, నీవు ఏ మిషను దానవు అని ఎవరును అడుగలేదు.

పెన్‌రీస్‌లో దరిద్రత తీరిపోయినదని మేము చెప్పము. తరువాతి సంవత్సరములలో అక్కడి ఇండ్లు చాలవరకు కూల్చివేయబడినవి, జనము తగ్గిపోయినది. అయినను అందరు విడిచిపెట్టిన కొండమీద సంఘము విడిచిపెట్టక నిలిచినది. నిలిచినది ఒక శాఖ కాదు, క్రీస్తు సంఘము.

ఇంకను తెగని చిక్కులు

కథను తియ్యగా ముగించుట మాకు సులభమే గాని అది న్యాయము కాదు. 1975 నాటి నిబంధన చేసికొనిన సంఘములు ఒకే సంఘముగా ఇంకను కాలేదు. బిషప్పు ఉండవలెనా, ఉంటే ఆయన అధికారమెంత? ఒక శాఖలో అభిషేకము పొందిన గురువు మరియొక శాఖలో సంస్కారము ఇయ్యవచ్చునా? పసిపిల్లలకు బాప్తిస్మమా, విశ్వసించిన వారికి మాత్రమేనా? స్థానిక సంఘము మీద పై సభకు అధికారము ఉన్నదా? ఈ ప్రశ్నల మీద ఎన్నో కమిటీలు కూర్చుండినవి, లేచినవి. అలసిపోయినవారును ఉన్నారు.

ఈ విషయములో మనము వారికంటె ముందు ఒక అడుగు వేసితిమి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘములవారు ఏకమై దక్షిణ ఇండియా సంఘమైరి. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు దాని కొరకు ఎంతో పాటుపడి, అది చూడకమునుపే 1945లో ప్రభువునొద్దకు వెళ్ళిరి. వేల్స్‌లో నిబంధన చేసికొనినవి చాలవరకు ఈ సంప్రదాయముల సంఘములే. అయితే అది చెప్పుకొని మనము గర్వపడుటకు వీలు లేదు. ఆ ఐక్యత తరువాత కూడ మన పల్లెలలో మైకులు రెండుగానే ఉన్నవి. బాప్టిస్టులు, లూథరన్లు, పెంతెకొస్తు వారు, స్వతంత్ర సంఘములవారు, దక్షిణ ఇండియా సంఘమువారు ఒకరి ఇంటి పెండ్లికి ఒకరు పోవుదురు, ఒకరి ప్రార్థనకు ఒకరు పోరు.

మరియొక సంగతి. ఒకప్పుడు వేల్స్ మిషనరీల ద్వారా సువార్త వినిన మిజోరాము సంఘమువారు, ఈ శతాబ్దములో తమ మిషనరీలను వేల్స్‌కు పంపిరి. సువార్త తెచ్చినవారి మనుమల మధ్య సువార్త పని చేయుటకు మన దేశపు బిడ్డలు వెళ్ళిరి. ఎవరు ఎవరికి ఋణస్థులో చెప్పలేము.

మనకు మిగిలిన పాఠము

వేల్స్ సంఘముల కథనుండి మేము ఒక్క మాట నేర్చుకొంటిమి. వారు సిద్ధాంతములన్నియు సరిచేసికొని పనికి దిగలేదు. ఒంటరిగా ఎత్తలేని బరువు ఎదుట నిలిచినప్పుడు చేతులు కలిసినవి: బైబిలు లేని పల్లె, పని లేని పేట. కాని వారిలో అనేకులు, బల్లలు ఖాళీ అయిన తరువాతనే ప్రక్క మందిరపు తలుపు తట్టిరి. బలముండగా తట్టియుంటే ఎంత మేలై యుండునో!

మన పల్లె మందిరములలో చాపలు ఇంకను నిండుగా పరచబడుచున్నవి. పిల్లల కేకలు ఇంకను వినబడుచున్నవి. ఇదే సమయము. యోహాను సువార్త 17వ అధ్యాయములో ప్రభువు తన వారు ఏకమై యుండవలెనని ప్రార్థించుచు, దానిని లోకము విశ్వసించుటతో ముడివేసెను. మన ఎడబాటును చూచుచున్నది మన ప్రక్క వీధివారే.

కాబట్టి ఈ నెల ప్రతి కుటుంబము చేయగలిగిన మూడు పనులు చెప్పుచున్నాము. మొదటిది, కుటుంబ ప్రార్థనలో మీ ఊరిలోని మరియొక సంఘపు కాపరిని పేరుపెట్టి జ్ఞాపకము చేసికొనుడి. రెండవది, ఆ సంఘములో రోగియైనవారు గాని విధవరాలు గాని ఉంటే, ఒక సాయంకాలము అన్నము కూరతో వెళ్ళి పలుకరించి రండి. మూడవది, సంఘ పెద్దలకు: ఈ క్రిస్మస్‌కు ముందే ప్రక్క మందిరపు పెద్దలతో కూర్చుండి, మైకు ఏ గంటకు ఎవరిదో మాటలాడుకొనుడి. చిన్న పనియే. కాని రెండు మైకులు ఒకదాని తరువాత ఒకటి పలికిన రాత్రి, ఊరివారికి రెండు ప్రసంగములును వినబడును.

పిల్లలను ఒక ప్రశ్న అడుగుడి: దీవిలోని ఆ మనిషి రెండవ మందిరము కట్టుటకు పడిన శ్రమతో ఇంకేమి కట్టియుండవచ్చును? వారి జవాబులు మాకు వ్రాయుడి. ఒక పడవ అని వారిలో ఒక్కరైనను అందురని మా నిరీక్షణ.

ప్రభువు మిమ్మును, మీ ప్రక్క సంఘమును దీవించును గాక.